పోలో జీటీ టీఎస్ఐ సస్పెన్షన్ బుష్‌లు: ఏది గట్టిది వేయాలి, దేన్ని ముట్టుకోకూడదు

కారు కిందికి దూరి లోయర్ ఆర్మ్‌ను (చక్రాన్ని కారు బాడీకి కలిపే కింది చేతిని) రాడ్‌తో ఒకసారి ఎత్తి చూసిన మెకానిక్ “బుష్‌లు పోయాయి సార్” (సస్పెన్షన్ కీళ్లలోని రబ్బరు మెత్తలు పాడయ్యాయి) అనగానే మన ముందు సాధారణంగా రెండు దారులు కనిపిస్తాయి. కంపెనీ బుష్‌లే మళ్లీ వేయించడం మొదటిది. ఎలాగూ విప్పుతున్నారు కదా అని పాలీయురేథేన్ (రబ్బరు కన్నా గట్టి ప్లాస్టిక్ రకం) కిట్ తెప్పించి, కారు మొత్తానికి గట్టి బుష్‌లు బిగించేయడం రెండోది. నా అనుభవంలో చాలామందికి సరిపోయేది ఈ రెంటికీ మధ్య ఉన్న దారి. ప్రతి బుష్ ఏ పని చేస్తోందో, ఏ దిక్కున కదులుతోందో చూసి, గట్టిపడితే లాభమున్న చోట గట్టిది వేయాలి. మెత్తగా ఉండడమే దాని పని అయిన చోట దాని జోలికి పోకూడదు. ఈ లెక్కను ఫోక్స్‌వ్యాగన్ పోలో జీటీ టీఎస్ఐ మీద పెట్టి చెబుతాను, ఎందుకంటే నేను ఏళ్ల తరబడి నడుపుతున్నదీ, కిందికి దూరి చూసిందీ ఆ కారునే.

2013లో 1.2 లీటర్ల టర్బో ఇంజిన్, 105 పీఎస్ శక్తి, 175 న్యూటన్ మీటర్ల టార్క్, ఏడు గేర్ల డీఎస్‌జీ ఆటోమేటిక్ గేర్‌బాక్స్‌తో మన దేశంలోకి వచ్చిన ఈ కారు 2020లో ఒక లీటర్ ఇంజిన్‌కు మారింది, 2022లో ఉత్పత్తి ఆగిపోయింది. అంటే ఇప్పుడు రోడ్డు మీద ఉన్న వాటిలో చివరిగా తయారైన కారుకు కూడా కొన్నేళ్ల వయసు వచ్చేసింది. తక్కువ తిరిగిన కారైనా రబ్బరు మీద వయసు తన పని తాను చేసుకుపోతుంది కనుక, మీటర్‌లో ముప్పై వేల కిలోమీటర్లే ఉన్నాయన్న ధీమా బుష్‌ల విషయంలో పనికిరాదు.

బుష్ లోపల జరిగేది

కంపెనీ బుష్‌లో మూడు భాగాలుంటాయి: బయట ఒక లోహపు గొట్టం, లోపల బోల్టు దూరే మరో చిన్న గొట్టం, ఆ రెంటినీ పట్టుకుని మధ్యలో రబ్బరు. ఈ రబ్బరు లోహానికి అతుక్కుని ఉంటుంది కాబట్టి ఆర్మ్ పైకీ కిందికీ ఊగినప్పుడు బుష్‌లో ఏదీ దేని మీదా జారదు. రబ్బరే మెలితిరిగి, మళ్లీ యథాస్థితికి వస్తుంది. దీనికి గ్రీజు అక్కర్లేదు, చప్పుడు ఉండదు, దుమ్ము దూరే సందు కూడా ఉండదు. మన మెకానిక్‌లలో కొందరు దీన్ని ఇప్పటికీ సైలెంట్ బ్లాక్ అంటారు. ఆ పేరు ఊరికే రాలేదు.

పాలీయురేథేన్ బుష్ పనితీరు దీనికి పూర్తిగా భిన్నం. చాలా కిట్లలో పాలీ ముక్క లోపలి గొట్టానికి అతుక్కుని ఉండదు, దాని చుట్టూ జారుతూ తిరుగుతుంది. అందువల్ల ఆర్మ్ ఊగేటప్పుడు రబ్బరు బుష్‌లో ఉండే మెలి బలం ఇక్కడ ఉండదు, సస్పెన్షన్ తన దారిలో తేలిగ్గా కదులుతుంది. జారే చోట గ్రీజు కావాలి, గ్రీజు ఉన్న చోట దుమ్ము చేరుతుంది, గ్రీజు ఎండిపోతే కీచుమంటుంది. పాలీ బుష్ మీద వచ్చే ఫిర్యాదుల్లో సగానికి పైగా ఈ ఒక్క వాక్యంలోనే ఇమిడి ఉన్నాయని చెప్పవచ్చు.

ఈ బుష్‌ల మీద ఎంత బలం పడుతుందో ఒక చిన్న లెక్కతో చూద్దాం. పోలో బరువు దాదాపు 1,100 కిలోలు, నడిపేవారిని కలుపుకుని 1,200 కిలోలనుకుందాం. పొడి రోడ్డు మీద గట్టిగా బ్రేకు తొక్కి 0.9 జీ (గురుత్వ త్వరణంలో 0.9 వంతు) వేగతగ్గింపు సాధిస్తే టైర్ల దగ్గర మొత్తం 10,600 న్యూటన్ల బలం పుడుతుంది. అందులో 70 శాతం ముందు చక్రాలదే అనుకుంటే, ఒక్కో ముందు చక్రాన్ని సుమారు 3,700 న్యూటన్ల బలం, అంటే దాదాపు 375 కిలోల బరువు, వెనక్కి లాగుతోందన్నమాట. ఆ లాగుడును కారు బాడీకి అందించే దారిలో లోయర్ ఆర్మ్ వెనుక వైపున్న పెద్ద బుష్ ముఖ్యమైన మెట్టు. అది నలిగి జరిగిన ప్రతి మిల్లీమీటరుకూ చక్రం తన దిశను కాస్త మార్చుకుంటుంది. పాత పోలోలో గట్టిగా బ్రేకు వేస్తే స్టీరింగ్ ఎందుకు నిలకడ తప్పుతుందో దీన్నిబట్టి తెలుస్తుంది.

అదే బుష్ కాస్త నలగడం వల్లనే చక్రం గుంతలో పడినప్పుడు కొద్దిగా వెనక్కి తగ్గి దెబ్బను తప్పించుకోగలుగుతోందన్న సంగతి కూడా మరవకూడదు. కంపెనీ ఇంజినీర్లు ఆ పెద్ద బుష్‌లో రబ్బరు మధ్య ఖాళీలు వదిలేది ఇందుకే: ముందువెనుకల దిశలో మెత్తగా, పక్కల దిశలో గట్టిగా ఉండేలా అలా చేస్తారు. ఒకే బుష్ రెండు దిక్కుల్లో రెండు రకాలుగా ప్రవర్తిస్తుంది. గుండ్రంగా, నిండుగా పోత పోసిన పాలీ ముక్కకు ఆ విద్య రాదు.

ముందుగా, పోయింది నిజంగా బుష్షేనా?

స్పీడ్ బ్రేకర్ మీద లొడలొడ శబ్దం రాగానే బుష్‌ల మీద నింద వేయడం మనకు అలవాటు. ఈ కారులో అలాంటి శబ్దం చేయగలిగేవి ఇంకా ఉన్నాయి: స్టెబిలైజర్ లింకులు (మలుపులో కారు ఒరగకుండా ఆపే యాంటీరోల్ బార్‌ను సస్పెన్షన్‌కు కలిపేవి), స్ట్రట్ (స్ప్రింగూ షాక్ అబ్జార్బరూ కలిసిన భాగం) పై మౌంట్, ఆర్మ్ చివరి బాల్ జాయింట్. చిన్న చిన్న గతుకుల మీద పదేపదే తటతటమంటే ముందు లింకుల్ని అనుమానించాలి. ఆగి ఉన్న కారులో స్టీరింగ్ తిప్పినప్పుడు స్ప్రింగ్ ఎగిరినట్టు టంగుమంటే పై మౌంట్‌ను చూడాలి. బ్రేకు వేసిన క్షణంలో కింద నుంచి ఒక్కసారి ‘డుబ్’మని మొద్దు శబ్దం వచ్చి, బ్రేకు వదిలినప్పుడు మళ్లీ వస్తే, అప్పుడు లోయర్ ఆర్మ్ వెనుక బుష్ వైపు చూడడం న్యాయం.

చూడడమంటే టార్చి వేసి ఓ చూపు చూసి వదిలేయడం కాదు. కారును లిఫ్ట్ ఎక్కించి, ఆర్మ్‌కూ అది బిగిసి ఉండే సబ్‌ఫ్రేమ్‌కూ మధ్య పొడవాటి రాడ్ పెట్టి ముందుకూ వెనక్కూ మెల్లగా ఒత్తాలి. మంచి బుష్ కాస్త కదిలి, చేయి వదలగానే ముడుచుకున్నట్టు వెనక్కి వస్తుంది. పోయిన బుష్ అయితే రబ్బరు పెదవులు తెరుచుకుని లోపల చీలిక నల్లగా కనిపిస్తుంది, లేదా రబ్బరు లోహం నుంచి ఊడిపోయి ఉంగరంలా విడిగా తిరుగుతుంది. పైపైన కనిపించే సన్నని నెరియలు మాత్రం ఎండకూ వయసుకూ వచ్చేవి, అంతమాత్రాన మార్చనక్కర్లేదు. టైరు లోపలి అంచు ఒక్కటే అరిగిపోవడం, అలైన్‌మెంట్ చేయించిన నెలకే మళ్లీ కారు ఒక పక్కకు లాగడం కూడా బుష్ పోయిందనడానికి గుర్తులే.

ఏ చోట ఏది

గట్టిదనాన్ని షోర్ ఏ అనే కొలతలో చెబుతారు. కంపెనీ రబ్బరు బుష్‌లు సాధారణంగా 50 నుంచి 65 మధ్య, రోడ్డు వాడకానికి చేసిన పాలీ బుష్‌లు 70 నుంచి 85 మధ్య, ట్రాక్ కోసం చేసినవి 90కి పైన ఉంటాయి. మామూలు కారు టైరు పైపొర 60, 70 మధ్య ఉంటుందనీ, షాపింగ్ ట్రాలీ గట్టి చక్రం 95 దరిదాపుల్లో ఉంటుందనీ గుర్తు పెట్టుకుంటే ఈ అంకెలు చేతికి తగులుతాయి. పాలీ బుష్‌లకు పేరున్న కంపెనీలలో బ్రిటన్‌కు చెందిన పవర్‌ఫ్లెక్స్ రోడ్డు బుష్‌లను ఊదా రంగులో, ట్రాక్ బుష్‌లను నలుపులో చేస్తుంది. ఆస్ట్రేలియాకు చెందిన సూపర్‌ప్రో, వైట్‌లైన్ కూడా ఈ రంగంలో పాతవే. అయితే షోర్ అంకె ఒక్కటే చూసి కొనడం తప్పు, ఎందుకంటే అది చెప్పేది పదార్థం గట్టిదనాన్నే. బుష్ గోడ మందం, పొడవు, లోపలి ఖాళీలు మారితే అదే 80 షోర్ ముక్క ఒకచోట మెత్తగానూ మరోచోట రాయిలాగానూ పనిచేస్తుంది.

డబ్బు పరిమితంగా ఉండి ఒక్కటే మార్చాలంటే నేను ముందు లోయర్ ఆర్మ్ వెనుక బుష్‌నే ఎంచుకుంటాను. స్టీరింగ్ స్పష్టత, బ్రేకింగ్‌లో నిలకడ రెండూ ఇక్కడి నుంచే వస్తాయి. హైదరాబాద్ నగరంలో రోజూ తిరుగుతూ నెలకోసారి వికారాబాద్ అనంతగిరి గుట్టల వైపో, నల్లమల ఘాట్ మీదుగా శ్రీశైలమో వెళ్లే కారుకు ఇక్కడ రోడ్డు రకం పాలీ గానీ, ఖాళీలు లేని గట్టి రబ్బరు బుష్ గానీ చాలు. ఈ రెంటిలో రబ్బరుదే నా ఓటు, ఎందుకంటే దానికి గ్రీజు సేవ అక్కర్లేదు. పాలీ వేస్తే గుంతల దెబ్బ స్టీరింగ్‌లోకి ముందుకంటే సూటిగా వస్తుందని ఒప్పుకునే వేయించుకోవాలి. ఔటర్ రింగ్ రోడ్డు మీద ఆ తేడా హాయిగా ఉంటుంది, వానాకాలం తర్వాత కాలనీ రోడ్డు మీద ఉండదు.

అదే ఆర్మ్ ముందు వైపున్న చిన్న బుష్ ప్రధానంగా ఊగుడుకు ఇరుసులాంటిది. దీన్ని పాలీకి మార్చితే మెలి బలం పోయి ఆర్మ్ తేలిగ్గా ఊగుతుంది, శబ్దంలో పెద్దగా తేడా రాదు. వెనుక బుష్ కోసం ఆర్మ్ ఎలాగూ ఊడుతుంది కనుక రెండూ కలిపి చేయించడమే పొదుపు.

యాంటీరోల్ బార్ బుష్‌లు అన్నిటికన్నా చవకైన మార్పు, నష్టం కూడా అతి తక్కువ. బార్ ఒకే దిశలో మెలితిరుగుతుంది, పాలీకి ఇంతకంటే అనువైన చోటు దొరకదు. కాకపోతే ఒకే మోడల్‌లో కూడా ఏడాదినీ వేరియంట్‌నూ బట్టి బార్ మందం మారవచ్చు కాబట్టి, వెర్నియర్ కాలిపర్‌తో కొలవకుండా ఆర్డర్ పెట్టకూడదు. ఒక మిల్లీమీటరు వదులైనా శబ్దం వస్తుంది; ఒక మిల్లీమీటరు బిగువైనా బార్ పట్టేసుకుని కారు ప్రతి చిన్న ఎగుడుకూ గట్టిగా స్పందిస్తుంది.

ఇంజిన్ కింద ఉండే టార్క్ మౌంట్, కుక్క ఎముక ఆకారంలో ఉంటుంది కనుక డాగ్‌బోన్ అంటారు, నిజానికి సస్పెన్షన్ భాగం కాదు. రీమ్యాప్ చేయించిన (ఇంజిన్ కంప్యూటర్ సెట్టింగులు మార్చి శక్తి పెంచిన) టీఎస్ఐలో మొదటి గేరులో గట్టిగా కదిలినప్పుడు ముందు చక్రాలు గెంతినట్టు కొట్టుకోవడాన్ని తగ్గించేది మాత్రం ఇదే. ఇక్కడ రోడ్డు రకం కన్నా గట్టిది వేయవద్దని గట్టిగా చెబుతాను. వేస్తే, ఎండాకాలం మధ్యాహ్నం ఏసీ వేసుకుని, డ్రైవ్‌లో పెట్టి పంజాగుట్ట సిగ్నల్ దగ్గర ఆగినప్పుడు డ్యాష్‌బోర్డూ, వెనుక చూపు అద్దమూ సన్నగా వణుకుతూనే ఉంటాయి. అద్దంలో వెనుక బండి నంబరు ప్లేటు చదవలేకపోతే ఆ మౌంట్ మీకు సరిపడనిదని అర్థం.

మిగిలింది వెనుక యాక్సిల్. నేను ముట్టుకోవద్దన్నది దీన్నే. పోలో వెనుక భాగంలో విడివిడి ఆర్మ్‌లు లేవు. రెండు చక్రాలనూ కలిపే టార్షన్ బీమ్‌ను ముందు వైపు రెండు పెద్ద బుష్‌లు బాడీకి పట్టి ఉంచుతాయి. ఒక చక్రం లేచి మరొకటి దిగినప్పుడు బీమ్ మెలితిరుగుతుంది, అప్పుడు ఆ బుష్‌లు కేవలం ఇరుసులా తిరిగితే చాలదు, పక్కలకూ వాలగలగాలి. పైగా ఫోక్స్‌వ్యాగన్ రెండో తరం గోల్ఫ్ కాలం నుంచి ఇలాంటి యాక్సిల్స్‌లో బుష్‌లతోనే మలుపులో వెనుక చక్రాల దిశను సర్దే ఉపాయాన్ని వాడుతూ వచ్చింది: పక్క బలం పడినప్పుడు బీమ్ మొత్తం చక్రాలను దారి తప్పించే వైపు తిరగకుండా ఆ బుష్‌ల ఆకారమే అడ్డుకుంటుంది. అక్కడ గట్టి పాలీ పెడితే ఆ ఉపాయం దెబ్బతింటుంది, బీమ్ స్వేచ్ఛగా మెలితిరగలేక బుష్ అంచుల మీద ఒత్తిడి పెరుగుతుంది. లాభం కనిపించేది ట్రాక్ మీద, అదీ మిగతా అన్నీ మార్చాకనే. రోడ్డు కారుకు ఇక్కడ కొత్త కంపెనీ రబ్బరే మంచి అప్‌గ్రేడ్.

రోజ్ జాయింట్లు, అంటే రబ్బరే లేని లోహపు గోళపు జాయింట్లు, చెన్నై దగ్గరి ఇరుంగాట్టుకోట్టై ట్రాక్ మీద పరుగెత్తే కార్ల సామాను. మన దుమ్ములో, వాన బురదలో అవి త్వరగా అరిగిపోయి కటకటమంటాయి. రోడ్డు కారు విషయంలో వాటి గురించి ఇంతకుమించి చెప్పనక్కర్లేదు.

కొనేటప్పుడు అడగవలసిన ప్రశ్న

పాలీయురేథేన్ అంతా ఒకటి కాదు. పాలీఎస్టర్ రకం పాలీ వేడిలో, తేమలో ఏళ్ల తరబడి ఉంటే నీరే దాని అణుబంధాలను తెంచి, ముక్క పెళుసుబారి చిట్లిపోతుంది. పాలీఈథర్ రకం ఈ విషయంలో చాలా మెరుగు. మే నెలలో 60 డిగ్రీలు దాటే తారు రోడ్డు పైన, జూలైలో మోకాటి లోతు నీటిలో తిరిగే కారుకు ఇది పుస్తకాల్లోని తేడా కాదు. అమ్మేవారిని ఏ రకమని అడగండి; చెప్పలేకపోతే, షోర్ అంకె కూడా ముద్రించి లేకపోతే, అది ఎవరో అచ్చు పోసిన ముక్క అని భావించి వదిలేయండి. రబ్బరు బుష్‌లలోనైతే జెడ్‌ఎఫ్ సంస్థకు చెందిన లెమ్‌ఫోర్డర్, హాంబర్గ్‌కు చెందిన మైలే లాంటి పేర్లు నమ్మదగినవి. అయితే పేరున్న సరుకుకే నకిలీలు ఎక్కువ. అచ్చు అక్షరాలు మసకగా ఉన్నా, గొట్టం అంచులు గరుకుగా ఉన్నా, రబ్బరు మీద తయారీ తేదీ గుర్తు చాలా పాతదైనా తీసుకోకండి. షెల్ఫ్ మీద ఏళ్లపాటు ఉన్న రబ్బరు కొత్త పెట్టెలో ఉన్నా పాతదే.

బిగించే పని

బుష్ జీవితకాలాన్ని బ్రాండ్ కన్నా బిగింపే ఎక్కువగా నిర్ణయిస్తుందని నాకు ఖర్చు పెట్టుకున్నాక తెలిసింది. మొదటిసారి లోయర్ ఆర్మ్ బుష్‌లు మార్పించినప్పుడు మంచి జర్మన్ సరుకే కొన్నాను, పని ఇచ్చింది శుభ్రంగా కనిపించే ఒక వర్క్‌షాప్‌కు. లిఫ్ట్ మీద కారు గాలిలో ఉండగానే, చక్రాలు కిందికి వేలాడుతుండగానే, అబ్బాయి ఇంపాక్ట్ గన్‌తో బోల్టులన్నీ టకటకా బిగించేశాడు. నేను పక్కనే టీ తాగుతూ చూస్తున్నాను. ఎనిమిది వేల కిలోమీటర్లు తిరగకముందే ముందు బుష్ రబ్బరు గొట్టం చుట్టూ అర్ధచంద్రాకారంలో చిరిగిపోయింది.

ఎందుకు చిరిగిందో లెక్క వేసి చూడండి. ఆర్మ్ పొడవు 350 మిల్లీమీటర్లనీ, లిఫ్ట్ మీద చక్రం మామూలు ఎత్తు కంటే 80 మిల్లీమీటర్లు కిందికి వేలాడిందనీ అనుకుంటే, ఆర్మ్ దాదాపు 13 డిగ్రీలు కిందికి వంగి ఉంటుంది. ఆ స్థితిలో బోల్టు బిగిస్తే లోపలి గొట్టం అక్కడే పట్టేసుకుంటుంది. కారు నేల మీదికి దిగగానే రబ్బరు 13 డిగ్రీలు మెలితిరిగి, రాత్రంతా పార్కింగ్‌లో ఉన్నా ఆ మెలికతోనే ఉంటుంది. ఇక గుంతలో పడి చక్రం పైకి లేచిన ప్రతిసారీ ఆ 13 మీద మరికొంత. అందుకే రబ్బరు బుష్ ఉన్న ప్రతి బోల్టునూ ముందు చేతితో వదులుగా పెట్టి, కారు బరువు చక్రాల మీద పడ్డాక, అంటే ర్యాంపు మీద గానీ, హబ్ కింద జాకీ పెట్టి మామూలు ఎత్తుకు లేపి గానీ, ఆఖరి బిగింపు ఇవ్వాలి. పని మొదలుపెట్టే ముందే చక్రం మధ్య నుంచి ఫెండర్ అంచు దాకా టేపుతో కొలిచి రాసి పెట్టుకుంటే ఆ ఎత్తు ఎంతో ఎవరినీ అడగనక్కర్లేదు. జారే పాలీ బుష్‌కు ఈ బెడద లేదు, కానీ కారులో కొన్ని పాలీ, కొన్ని రబ్బరు కలిసి ఉంటాయి కాబట్టి అన్నిటికీ ఇదే పద్ధతి పాటించడం క్షేమం.

పాత బుష్ తీయడానికి సుత్తి, ఉలి వాడనివ్వకండి. ఆర్మ్ వంగితే ఏ అలైన్‌మెంటూ దాన్ని సరిచేయలేదు. గ్యాస్ టార్చితో కాల్చి తీసే పద్ధతి అంతకన్నా అధ్వానం. ముఖ్యంగా పాలీయురేథేన్ కాలితే వచ్చే పొగ విషపూరితం. మంచి లేత్ షాపులో హైడ్రాలిక్ ప్రెస్, సరైన సైజు డై ఉంటే పది నిమిషాల పని. గట్టిగా పట్టేసిన బయటి గొట్టాన్ని హాక్సా బ్లేడుతో లోపలి నుంచి ఒక గాటు పెడితే వదులవుతుంది, గాటు ఆర్మ్‌లోకి దిగకుండా చూసుకుంటే చాలు. రబ్బరు బుష్ ఎక్కించడానికి సబ్బు నీళ్లు వాడాలి. ఇంజిన్ ఆయిల్ రాస్తే తేలిగ్గా దూరుతుంది, నిజమే, కానీ సహజ రబ్బరు ఖనిజ నూనె తగిలితే ఉబ్బి మెత్తబడుతుంది.

ఖాళీలున్న రబ్బరు బుష్‌ను ప్రెస్ చేసే ముందు దాని దిశ చూడడం అన్నిటికన్నా ముఖ్యం. బుష్ అంచు మీద బాణం గానీ, గీత గానీ ఉంటుంది, అది ఆర్మ్ మీది గుర్తుకు సరిపోవాలి. పాతది తీసే ముందు ఫోన్‌తో రెండు ఫోటోలు తీసుకోవడం తేలిక ఉపాయం. దిశ తప్పితే మెత్తగా ఉండవలసిన దిక్కు గట్టిగానూ, గట్టిగా ఉండవలసినది మెత్తగానూ మారి, కొత్త బుష్ వేశాక కారు మునుపటి కంటే అధ్వానంగా నడుస్తుంది. ఆ తర్వాత నింద బ్రాండ్ మీద పడుతుంది.

పాలీ బుష్ అయితే లోపలి రంధ్రానికీ, గొట్టానికీ, ఆర్మ్‌కు తగిలే పక్క అంచులకూ కిట్‌తో వచ్చిన గ్రీజు ధారాళంగా పట్టించాలి. కిట్ గ్రీజు చాలకపోతే సిలికాన్ గ్రీజు కొనాలి, వర్క్‌షాప్‌లో డబ్బాలో ఉండే మామూలు బేరింగ్ గ్రీజు వద్దు. ఈ కారులో ఆర్మ్ బోల్టులు ఒకసారికే వాడదగినవి. ఫోక్స్‌వ్యాగన్ పద్ధతిలో వాటిని నిర్ణీత టార్క్‌కు బిగించి, ఆపైన కొంత కోణం, చాలాచోట్ల 90 డిగ్రీలు, అదనంగా తిప్పుతారు. అలా సాగిన బోల్టును మళ్లీ వాడితే పట్టు తగ్గుతుంది కనుక కొత్త బోల్టుల ఖర్చు కూడా బడ్జెట్‌లో వేసుకోండి. వాటి టార్క్ అంకెలు మీ కారు ఏడాదికి సంబంధించిన వర్క్‌షాప్ మాన్యువల్ నుంచే తీసుకోవాలి.

పని అయ్యాక వంద కిలోమీటర్లు నడిపి, బుష్‌లు కుదురుకున్నాక వీల్ అలైన్‌మెంట్ చేయించాలి. సబ్‌ఫ్రేమ్ దించవలసి వస్తే దాని స్థానాన్ని ముందే పెయింట్‌తో గుర్తు పెట్టుకోవాలి. లేకపోతే స్టీరింగ్ నిటారుగా ఉన్నా కారు పక్కకు పోతుంది, ఆ కారణం వెతకడానికి ఒక ఆదివారం పోతుంది.

తరువాతి సేవ

వేసిన 500 కిలోమీటర్ల తరువాత ఒకసారి కిందికి వెళ్లి చూడాలి. టార్క్‌తో పాటు కోణం తిప్పి బిగించిన బోల్టును మళ్లీ తిప్పకూడదు. బిగించిన నాడు తలకూ బ్రాకెట్‌కూ కలిపి గీసిన పెయింట్ గీత చెదరలేదని చూస్తే చాలు. ఆపైన ప్రతి 10,000 కిలోమీటర్లకూ, వానాకాలం ముందొకసారి, తరువాత ఒకసారి చూస్తే సరిపోతుంది. పాలీ బుష్‌లు ఉన్నవారు ఏడాదికోసారి యాంటీరోల్ బార్ క్లాంపులు విప్పి, పాత గ్రీజును పొడి గుడ్డతో తుడిచి, కొత్తది పట్టించి బిగించుకోవడం అరగంట పని. ఆర్మ్ బుష్‌లను మాత్రం శబ్దం రానంతవరకు కదిలించనక్కర్లేదు.

శబ్దం వస్తే ఏ బుష్ నుంచో కనిపెట్టడానికి ఒక తేలిక పద్ధతి ఉంది. పొడి రోజున, కారు ఆపి ఉంచి, ఒకరు బానెట్ అంచు మీద చేతులు వేసి కిందికి అదుముతుంటే, మరొకరు స్ప్రే సీసాలో మామూలు నీళ్లు తీసుకుని ఒక్కో బుష్ మీదా కొట్టాలి. ఏ బుష్ తడవగానే పాత తలుపు కీచులాంటి ఆ చప్పుడు రెండు మూడు ఊపుల పాటు ఆగిపోయిందో, గ్రీజు కావలసింది దానికే. డబ్ల్యూడీ-40 కొడితే ఇంకా వేగంగా ఆగుతుంది, కానీ అది మిగిలిన కాస్త గ్రీజును కూడా కరిగించి కడిగేస్తుంది కనుక వారానికే మళ్లీ మొదలవుతుంది.

మన దగ్గర బుష్‌లకు ఎక్కువ హాని చేసేది వాటర్ సర్వీసింగ్ అని నా అభిప్రాయం. కొన్ని చోట్ల కడిగాక కింద తుప్పు పట్టకుండా డీజిల్, పాత ఇంజిన్ ఆయిల్ కలిపి గన్‌తో కొట్టే అలవాటు ఇంకా ఉంది. లారీ కమాన్ కట్టలకు అది మంచిదేమో గానీ, రబ్బరు బుష్‌కు అదే విషం. ముందే వద్దని చెప్పండి, చెప్పి పక్కన నిలబడండి. ప్రెషర్ గన్ ముక్కును బుష్‌కు దగ్గరగా పెట్టి కొట్టనివ్వకండి, పాలీ గ్రీజు ఒక్క దెబ్బకు కొట్టుకుపోతుంది. సర్వీస్ సెంటర్‌లో కింద కోటింగ్ వేయిస్తే బుష్‌ల మీదా, జాయింట్ల మీదా ముందుగా మాస్కింగ్ టేపు వేయమనండి. లేకపోతే ఆ నల్లటి పూత ఎండి పొరలా పట్టుకుని, తరువాత చీలిక వచ్చినా కనిపించకుండా చేస్తుంది.

సెకండ్ హ్యాండ్‌లో మంచి స్థితిలో ఉన్న అసలు లోయర్ ఆర్మ్‌ల జత దొరికితే వదలకండి. వాటిని తీరిగ్గా శుభ్రం చేయించి, పెయింట్ వేయించి, కొత్త బుష్‌లను ముందే ప్రెస్ చేయించి ఇంట్లో పెట్టుకుంటే, మార్పు రోజున కారు లిఫ్ట్ మీద రెండు మూడు గంటలు ఉంటే చాలు, లేత్ షాపుకూ వర్క్‌షాపుకూ మధ్య ఆటోలో ఆర్మ్‌లు మోసుకు తిరిగే పని తప్పుతుంది. కంపెనీ బుష్‌లున్న మీ పాత ఆర్మ్‌లు విప్పినవి విప్పినట్టే గుడ్డలో చుట్టి దాచుకోండి. పాలీ మీకు పడలేదనిపించినా, కారు అమ్మే రోజు వచ్చినా వాటిని తిరిగి ఎక్కించడం ఒక పూట పని.